అప్లైడ్ మ్యాథ్స్ రీసెర్చ్ నిజంగా జనానికి పనికి రావాలంటే ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లతో కలవాలి?

ప్రశ్న అడిగినవారు తిరుపతిలోనే అప్లైడ్ మ్యాథ్స్ పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. గైడ్ ఇచ్చిన టాపిక్ సాగే పలక మీద నానోఫ్లూయిడ్ (అతి చిన్న కణాలు కలిపిన ద్రవం) ప్రవాహం. పేపర్లు వస్తున్నాయి గానీ వాటివల్ల ఊళ్లో ఎవరికీ ఏమీ మారడం లేదని వారి బాధ. డాక్టర్లతో కలవాలా, ఇంజినీర్లతోనా, వ్యవసాయం వాళ్లతోనా, అసలు ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. డిపార్ట్‌మెంట్‌ను వెతకొద్దు, రోజూ ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పని మనిషిని వెతకండి. రేపు ఏ పేషెంట్‌ను ఏ షిఫ్టులో వేయాలి, ఈ రాత్రి చెరువు తూము ఎత్తాలా వద్దా, ఇవాళ ఎన్ని ట్రాక్టర్లను గేటు లోపలికి వదలాలి, ఇట్లాంటివి. మీ లెక్క చూశాక ఆ మనిషి రేపు చేసే పని మారితే అది ఉపయోగపడినట్టు. మారకపోతే ఎంత పెద్ద జర్నల్‌లో వచ్చినా అది పేపరే. ఇంకొకటి, ఆ మనిషి దగ్గరికి మొదటిసారి పోయేటప్పుడు మీ మెథడ్‌ను హాస్టల్ రూములోనే పెట్టి పోండి.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా మ్యాథ్స్ చెప్తున్నాను. క్లాసులు కాక మిగిలిన టైములో డయాలసిస్ యూనిట్ వాళ్లతో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లతో, చెరువులు చూసే ఇంజినీర్లతో కలిసి పనిచేశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఎక్కడికీ పోలేదు. ఆ అనుభవం నుంచే రాస్తున్నాను.

ముందు మీ టాపిక్ సంగతి. మన వైపు మ్యాథ్స్ పీహెచ్‌డీల్లో చాలా భాగం ఫ్లూయిడ్ డైనమిక్సే (ద్రవాలు, వాయువులు పారే తీరు లెక్కే) కాబట్టి సాగే పలక మీద జోకులు వేయడం అందరికీ అలవాటైపోయింది. కానీ ఆ సమస్య గాల్లోంచి పుట్టలేదు. 1961లో సకియాడిస్, 1970లో క్రేన్ రాసిన పేపర్ల వెనక ప్లాస్టిక్ షీట్లు, దారాలు తయారుచేసే పని ఉంది. అచ్చులోంచి వేడిగా బయటికొచ్చే షీటును లాగుతూ చల్లార్చాలి, ఆ చల్లారే తీరును బట్టే సరుకు నాణ్యత. అది అసలైన ఫ్యాక్టరీ ప్రశ్న. ఆ తర్వాత ఒకరు అయస్కాంత క్షేత్రం కలిపారు, ఇంకొకరు రేడియేషన్ కలిపారు, మరొకరు నానో కణాలు వేశారు, నాలుగో వాళ్లు పలకకు రంధ్రాలు పెట్టారు. ఈ వరసలో ఫ్యాక్టరీ ఎక్కడో రాలిపోయింది, పలక మాత్రం సాగుతూనే ఉంది! అయితే ఆ పనిలో మీరు నేర్చుకున్నవి వృథా కావు. ఏ పదం పెద్దది, ఏది వదిలేసినా నష్టం లేదు అని తూచడం, యూనిట్లు లేని సంఖ్యల్లోకి సమస్యను దించడం, సమీకరణం మొండికేస్తే కంప్యూటర్‌లో దారికి తేవడం, ఇవి ఏ రంగంలోకి పోయినా మీకే ఉండే బలం. డాక్టర్‌కూ ఇంజినీర్‌కూ ఇవి అంత సులభంగా చేతికి రావు.

ఇప్పుడు డయాలసిస్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది మొత్తం అందులోనే ఉంది.

డయాలసిస్ ఎంత బాగా జరిగిందో చూసేదానికి డాక్టర్లు కేటీ బై వీ అనే సంఖ్య వాడతారు. కే అంటే మెషిన్ నిమిషానికి ఎంత రక్తాన్ని యూరియా లేకుండా శుభ్రం చేస్తుందో అది, టీ అంటే టైము, వీ అంటే ఒంట్లో ఉన్న నీరు. డిగ్రీలో మనం చేసే మొదటి ఆర్డర్ అవకలన సమీకరణమే, ఘాతీయంగా తగ్గడం, అంతే. నిమిషానికి 180 మిల్లీలీటర్ల చొప్పున 240 నిమిషాలు నడిస్తే 43.2 లీటర్లు. అరవై కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 36 లీటర్లు. భాగిస్తే 1.2. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు ప్రతి సెషన్‌లో కనీసం ఇంత ఉండాలంటారు. 1985లో గోచ్, సార్జెంట్ అనే ఇద్దరు అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం డేటాను ఈ చిన్న సమీకరణంతో మళ్లీ విశ్లేషించి కేటీ బై వీని ముందుకు తెచ్చారు. లోకమంతా డయాలసిస్ గదుల్లో నర్సులు, టెక్నీషియన్లు ఈరోజుకీ దీన్ని వాడుతున్నారు. అప్లైడ్ మ్యాథ్స్ ఇంపాక్ట్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. గణితం చూస్తే ఇంటర్ స్థాయికి ఒక మెట్టు పైన.

మా కథకొస్తే, ఇక్కడి ఒక ఆసుపత్రి వాళ్లు అడిగింది వేరే. "మెషిన్లు చాలడం లేదు, ఇంకా ఎన్ని కొనాలో లెక్క వేసి చెప్పండి." క్యూయింగ్ థియరీ (క్యూల గణితం) తెలిసిన ఎవరికైనా చేతులు దురదపెట్టే ప్రశ్న. నాతో ఒక పీజీ స్టూడెంట్ ఉన్నాడు. అటువైపు ఒక నెఫ్రాలజీ డాక్టర్, ఒక సీనియర్ టెక్నీషియన్, హెడ్ నర్సు. మేము వెంటనే మోడల్ రాయలేదు, కొన్ని వారాల పాటు ఆ గదిలో కూర్చుని ఎవరు ఎప్పుడు వస్తున్నారు, మెషిన్ ఎప్పుడు ఖాళీ అవుతోంది, కడిగేదానికి ఎంతసేపు పడుతోంది అని రాసుకున్నాం. తేలింది ఏమంటే మెషిన్లు షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఖాళీగానే పడి ఉంటున్నాయి, ఎందుకంటే పేషెంట్ ఇంకా దారిలో బస్సులో ఉన్నాడు. పీలేరు అవతలి నుంచి, శ్రీకాళహస్తి దగ్గరి పల్లెల నుంచి, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు పొద్దున షిఫ్టు ఇస్తే అందుకోలేరు. సాయంత్రం షిఫ్టు ఇస్తే ఇంకో చిక్కు. పీలేరు వైపు నుంచి వచ్చే ఒక పేషెంట్ భార్య చెప్పింది, "సార్, ఏడు గంటల బస్సు పోతే మాకు ఊరికి పోయేదానికి దారి లేదు, అందుకే అరగంట ముందే తీసేయమంటాము" అని.

ఆ మాట ఏ రికార్డులోనూ లేదు. రికార్డులో 'పేషెంట్ కోరిక మేరకు ముందే ఆపబడింది' అని మాత్రం ఉంది. ఇప్పుడు పై లెక్కలోకి పోండి. 240 నిమిషాలు 210 అయితే 1.2 కాస్తా 1.05 అవుతుంది. అంటే బస్సు టైము నేరుగా వైద్యంలోకి వచ్చి కూర్చుంది. డాక్టర్‌కు కేటీ బై వీ తెలుసు, టెక్నీషియన్‌కు ముందే ఆపేయమనేవాళ్లు తెలుసు, పేషెంట్ భార్యకు బస్సు తెలుసు. ఈ మూడూ ఒకే కాగితం మీదికి ఎవరూ తేలేదు, మేము చేసింది అది. దూరం నుంచి వచ్చేవాళ్లందరికీ నడిమి షిఫ్టు, టౌన్‌లో ఉండేవాళ్లకు తెల్లవారుజామున, రాత్రి. గణితం పరంగా చిన్న ఇంటీజర్ ప్రోగ్రామింగ్ (పూర్ణ సంఖ్యలతో మేలైన ఏర్పాటు వెతికే) సమస్య, ల్యాప్‌టాప్ క్షణంలో తేల్చేస్తుంది. కష్టమైన పని హెడ్ నర్సు చేసింది. టౌన్ వాళ్లలో ఆరు గంటలకు రమ్మంటే ఒప్పుకునేవాళ్లు ఎవరు? ఒక్కొక్కరితో మాట్లాడి ఒప్పించింది, కొందరికి వాళ్ల కొడుకు డ్యూటీ టైములు చూసి మార్చింది. చివరికి గోడ మీద రంగుల చార్టు, కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీటు మిగిలాయి. ముందే ఆపేయమని అడిగేవాళ్లు బాగా తగ్గారు. మెషిన్లు కొనే మాట ఆ ఏడాదికి ఆగింది.

దీన్ని పేపర్‌గా పంపితే కొత్తదనం లేదని ఒక రివ్యూయర్ రాశాడు. గణితంలో నిజంగానే లేదు. చివరికి అది ఆసుపత్రి నిర్వహణకు సంబంధించిన జర్నల్‌లో వచ్చింది, డాక్టర్ పేరు ముందు, మా పేర్లు వెనక. మీకు ప్రమోషన్ పాయింట్లు లెక్కపెట్టే స్థితి వచ్చినప్పుడు ఇది ఇబ్బంది పెడుతుంది, ముందే చెప్తున్నాను.

డేటా ఇమ్మని అడిగి వెళ్లిపోకండి, ఆ డేటా పుట్టే చోట కూర్చోండి అని నేను మా పిల్లలకు చెప్పేది అందుకే. చాలామంది కొలాబరేషన్ అంటే ఒక ఎక్సెల్ ఫైలు మెయిల్‌లో రావడం అనుకుంటారు. ఫైలు వస్తుంది, మోడల్ ఫిట్ అవుతుంది, గ్రాఫ్ బాగుంటుంది, అవతలివాళ్లు "వెరీ నైస్ సార్" అంటారు, అక్కడితో ఆగిపోతుంది.

ఇదేదో నా చాదస్తం అనుకోకుండా, అందరికీ తెలిసిన పెద్ద ఉదాహరణ చెప్తాను. ఆల్విన్ రాత్, సోన్మెజ్, ఉన్వర్ అనే ముగ్గురు 2004లో కిడ్నీ మార్పిడి మీద పేపర్ రాశారు. భర్తకు భార్య కిడ్నీ సరిపోదు, ఇంకో జంటకూ అదే కష్టం, అటుదిటు మార్చుకుంటే ఇద్దరికీ సరిపోతుంది, ఇట్లా ఎన్ని జంటలనైనా గొలుసుగా కలపొచ్చు అని అందమైన సిద్ధాంతం. సర్జన్ల దగ్గరికి పోతే వాళ్లు చెప్పింది వేరు. ఆపరేషన్లన్నీ ఒకేసారి జరగాలి, లేకపోతే తనవాళ్లకు కిడ్నీ అందాక ఒక దాత వెనక్కి తగ్గితే ఎవరేం చేస్తారు? ఒకేసారి అంటే రెండు జంటలకే నాలుగు ఆపరేషన్ థియేటర్లు కావాలి. అప్పుడు వాళ్లు 2005లో రెండేసి జంటల మధ్యనే మార్పిడి అనే షరతుతో లెక్క మళ్లీ మొదటి నుంచి చేశారు. తర్వాత మూడు జంటల దాకా పోతే ఎంత లాభమో చూపించారు, ఇంకా తర్వాత, ఎవరికైనా సరే ఇస్తానని ముందుకొచ్చే దాతతో మొదలయ్యే గొలుసులకు ఒకేసారి చేయాల్సిన పని లేదని సర్జన్లే ముందుకొచ్చారు. 2012లో షాప్లీతో కలిపి రాత్‌కు ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. సర్జన్ చెప్పిన షరతును అడ్డంకి అనుకోకుండా కొత్త సమస్యగా తీసుకున్నారు, నాకు నచ్చేది అది. మన దేశంలో అయితే థియేటర్లు ఉన్నా చాలదు, అవయవ మార్పిడి చట్టానికి 2011లో సవరణ వచ్చాకే దగ్గరి బంధువుల జంటల మధ్య ఇట్లా మార్చుకునేదానికి చట్టంలో స్పష్టమైన చోటు దొరికింది. కాబట్టి టీములో లాయర్ కూడా ఉండాల్సి రావచ్చు!

అంటువ్యాధుల మోడల్ ఇప్పుడు కోవిడ్ పుణ్యమా అని అందరి నోట్లో ఉంది కదా, దాని మూలమైన 1927 పేపర్ రాసిన మెకెండ్రిక్ డాక్టరు, కెర్మాక్ కెమిస్టు. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేశాడు, ఆ పేపర్‌లో గీసిన గ్రాఫ్ బొంబాయి ప్లేగుది. మన ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, తర్వాత స్టాటిస్టిక్స్‌లో లోకమంతా పేరు తెచ్చుకున్న సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జ్ పోయింది అక్కడి మ్యూజియంలో సుడాన్ నుంచి తెచ్చిన పాత అస్థిపంజరాల కొలతలు విశ్లేషించేదానికి. ఎముకలు కొలిచే పని తక్కువ అనుకుని ఉంటే ఎట్లా ఉండేదో.

ఇక కలిసిరాని కేసు. జూన్, జులైలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి నిలబడేది మీరు చూసే ఉంటారు. బయట అరవై ట్రాక్టర్లు ఉండి గంటకు ఐదు దించుకుంటుంటే చివరివాడు పన్నెండు గంటలు ఆగాలి, ఇది లిటిల్ సూత్రం, దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఫోనులో టోకెన్ ఇచ్చి రైతును టైముకు రమ్మంటే సరిపోతుందని ఒక ఫ్యాక్టరీతో మాట్లాడాం. మాతో ఫుడ్ టెక్నాలజీ మేడం ఒకరు వచ్చారు. కాయ కోశాక ఎన్ని రోజుల్లో ఎట్లా పండుతుంది, ఎండలో ట్రాక్టర్ మీద నిలబడితే ఎంత చెడిపోతుంది అన్నీ ఆమే చెప్పారు. మోడల్ బాగానే వచ్చింది. మేనేజర్ కూడా మంచిగా విన్నారు. కానీ అమలు చేయలేదు. ఎందుకంటే ఆలస్యం ఖర్చు రైతుది, దాన్ని తగ్గించగలిగేది ఫ్యాక్టరీ. ట్రాక్టర్ బాడుగ, డ్రైవర్ కూలి, రాలిపోయిన కాయ, అన్నీ గేటు బయటే జరుగుతాయి. లోపల మాత్రం మెషిన్‌కు కాయ ఎప్పుడూ ఆగకుండా అందుతుంది, బయట బారు ఎంత పొడుగుంటే వాళ్లకు అంత నిశ్చింత. పైగా కాయ ఎక్కువ వచ్చిన ఏడు ధర మాట్లాడేటప్పుడు ఆ బారే వాళ్ల తరఫున మాట్లాడుతుంది. ఏ ఆల్గరిథమూ దీన్ని విడదీయదు. అలాంటి చోట మీరు కలవాల్సింది ఫ్యాక్టరీతో కాదు, రైతు సంఘాలతో, జిల్లా యంత్రాంగంతో. అప్పుడు అది లెక్కల సమస్యగా మిగలదు, బేరం అవుతుంది. ఆ ఓపిక ఉంటేనే దిగండి.

చెరువుల పని గురించి రెండు మాటలు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టలోంచి నీళ్లు కారడంతో కింది పల్లెలను ఖాళీ చేయించడం మీకు గుర్తుండే ఉంటుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మొరవ (నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) పోతే కింది చెరువుకు ఎంతసేపట్లో ఎంత నీరొస్తుందో లెక్కించేది పాత గణితమే, వచ్చే నీరు, పోయే నీరు, నిలిచే నీరు. మొరవ మీద నీటి ఎత్తు రెట్టింపైతే పారేది రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లు, ఈ ఒక్క ముక్క అర్థమైనా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి పనికొస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే ఇంజినీర్ల పట్టికలో ఉన్న చెరువు సామర్థ్యం పూడిక పడకముందుది. ఇప్పుడు ఏ రాయి దాకా నీళ్లొస్తే మొరవ ఎంత పోతుందో ఊళ్లో నీరుగంటిగా (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషిగా) పనిచేసిన పెద్దాయన కట్ట మీద నిలబడి చూపిస్తాడు. ఆయన మాటను ఒక కొలతగా మార్చి, గాదంకి రాడార్ కేంద్రం వాళ్ల లాగా వాన సంగతి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుంటే మీకు థీసిస్ చాప్టర్ ఉంది.

తిరుమల క్యూ మీద చేయనా అని అడుగుతారని తెలుసు, తిరుపతిలో ప్రతి ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) ప్రాజెక్టూ అక్కడికే పోతుంది. ఇప్పుడే వద్దంటాను. అక్కడ సగటు వెయిటింగ్ టైము అసలు సమస్య కాదు. ఒక గేటు తెరిచిన నిమిషంలో చదరపు మీటరుకు ఎంతమంది చేరతారనేది సమస్య, ఆరేడుగురు దాటితే మనిషి తన అడుగు తాను వేయలేడు. సగటు మోడల్ ఆ నిమిషాన్ని చూపించదు. అంతమంది ప్రాణాలతో ముడిపడిన నిర్ణయం మీ మొదటి ప్రాజెక్టు కాకూడదు. ముందు ఒక ఓపీ కౌంటర్ క్యూ పట్టుకోండి.

ఎలా మొదలుపెట్టాలి అన్నదానికి. స్విమ్స్ ఆసుపత్రి, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ కాలేజీ, ఐఐటీ, ఐసర్, ఇన్ని ఒక్క ఊరి చుట్టుపక్కల దొరకడం మామూలు విషయం కాదు, బస్సు దూరంలో ఉన్నాయి. అయితే హెచ్‌ఓడీకి లెటర్ పెట్టి ఎంఓయూ (రెండు సంస్థల ఒప్పందం) సంతకాలతో మొదలైనవి ఫోటో దగ్గరే ఆగిపోవడం ఎక్కువ చూశాను. టెక్నీషియన్, ఫీల్డ్ అసిస్టెంట్, జూనియర్ ఇంజినీర్ స్థాయిలో ఒకరిని పట్టుకోండి. "మీకు ఏ మ్యాథ్స్ కావాలి" అని అడిగితే వాళ్లు తెల్లముఖం వేస్తారు. "పోయిన వారం మీరు అంచనా మీద చేసేసిన పని ఏది, అది తప్పితే ఎవరికి నష్టం" అని అడగండి, మాట దానంతటదే వస్తుంది.

ఆసుపత్రి పని అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క పేషెంట్ రికార్డు కూడా ముట్టుకోకండి, డాక్టర్ గారు పర్లేదన్నా సరే. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన డేటానే తీసుకోండి. అనుమతికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో గదిలో కూర్చుని పని నేర్చుకోవచ్చు. ఇంకొకటి తప్పనిసరి, మీరు ఏదైనా మార్చకముందు ఇప్పుడు ఎలా జరుగుతోందో కొలిచి పెట్టుకోండి. తర్వాత బాగుపడిందని చెప్పాలంటే దేనికంటే బాగుపడిందో చూపాలి కదా. పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ అన్నది కూడా మొదట్లోనే టీ తాగుతూ మాట్లాడేసుకోండి, చివర్లో మాట్లాడితే స్నేహాలు పోతాయి. మీరు ఇచ్చేది మ్యాట్‌ల్యాబ్ కోడ్ అయితే మీరు పోయిన మర్నాడే అది చచ్చిపోతుంది, వాళ్లు ఇప్పటికే తెరిచే ఎక్సెల్‌లోనో గోడ మీది చార్టులోనో ఉండాలి.

మీ గైడ్ సంగతి అడగలేదు గానీ అడుగుతారు. టాపిక్ మార్చమని గొడవ పెట్టుకోకండి, రెండో ఏడాదిలో అది తెలివైన పని కాదు. మీ ఫ్లూయిడ్ డైనమిక్స్‌కే దగ్గర దారి ఉంది. డయాలసిస్ మెషిన్‌లో రక్తాన్ని నడిపించేది రోలర్ పంపు, ట్యూబును నొక్కుతూ తోస్తుంది, మన వాళ్లు దశాబ్దాలుగా పేపర్లు రాస్తున్న పెరిస్టాల్టిక్ ప్రవాహానికి దగ్గరి చుట్టం. ట్యూబు పాతబడితే డిస్‌ప్లేలో చూపే ఫ్లోకూ నిజంగా నడిచే ఫ్లోకూ తేడా వస్తుంది, సూది దగ్గర రక్తం సరిగా అందకపోయినా వస్తుంది, ఆ తేడా నేరుగా పైన చెప్పిన 'కే'లోకి పోతుంది. దాన్ని చివరి చాప్టర్‌గా పెడతానంటే చాలామంది గైడ్లు కాదనరు, టైటిల్ కూడా మార్చక్కర్లేదు. ముందు వారంలో ఒక మధ్యాహ్నం ఏదైనా డయాలసిస్ యూనిట్ టెక్నీషియన్ దగ్గర కూర్చునేదానికి మీ గైడ్ ద్వారానే లెటర్ తీసుకోండి. లంచ్ తర్వాత వెళ్లండి, షిఫ్ట్ మారే టైములో వెళ్తే ఎవరూ మీ ముఖం కూడా చూడరు.